నెదర్లాండ్స్ పట్టా, నెల్లూరు చిరునామా

దొరవారిసత్రంలో 1999లో పుట్టిన మనిషికి జనన ధృవీకరణ పత్రంలో జిల్లా నెల్లూరు. అదే మనిషి 2014లో పదో తరగతి పాసయ్యేనాటికి జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు. 2022 ఏప్రిల్ 4 తర్వాత ఆధార్‌లో చిరునామా సరిచేయించుకుంటే తిరుపతి. ఊరు మాత్రం గూడూరు–చెన్నై రైలు మార్గం పక్కన ఉన్నచోటే ఉంది. తహసీల్దారు ఆఫీసులో ఎవరినడిగినా ఈ కథ అర నిమిషంలో చెప్పేస్తారు. నెదర్లాండ్స్‌లో ఏదో ఊరి మునిసిపాలిటీ కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగికి ఎవరు చెప్పాలి? అక్కడ నివాసం నమోదు చేసుకునేటప్పుడు అపోస్టిల్ ముద్ర, అంటే విదేశంలో చెల్లేలా వేసే అధికారిక ధృవీకరణ, ఉన్న జనన పత్రం అడుగుతారు. మూడు కాగితాల్లో మూడు జిల్లాలు కనిపిస్తే, ఆ ఉద్యోగి అనుమానపడటంలో తప్పులేదు.

ఈ తీరం నుంచి నెదర్లాండ్స్‌కి చదువుకోసం వెళ్లాలన్న ఆలోచన గాలిలోంచి పుట్టింది కాదు. రొయ్యల చెరువుల మధ్య పెరిగిన కుర్రాడు ఆక్వాకల్చర్‌లో పై చదువు చదవాలనుకుంటే వాగెనింగెన్ విశ్వవిద్యాలయం పేరు తప్పకుండా తగులుతుంది. ఇంజినీరింగ్ వాళ్లకైతే డెల్ఫ్ట్, ఐండ్‌హోవెన్ ఉన్నాయి. ఆ మాటకొస్తే డచ్చివాళ్లకు ఈ నీళ్లు కొత్తా? పులికాట్‌లో 1613లో గెల్డ్రియా కోట కట్టుకుని, కోరమండల్ బట్టల వ్యాపారం నడిపించారు. ఆ డచ్ వర్తక కంపెనీ రాసుకున్న లెక్కలూ ఉత్తరాలూ ఇప్పటికీ హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కాగితం పోగొట్టుకునే జాతి కాదు వాళ్లది.

చిక్కు చదువు అయిపోయాక మొదలవుతుంది. వాగెనింగెన్‌లో ఎంఎస్ చేసి ఇంటికొచ్చిన యువకుడికి దుబాయ్‌లోనో, సౌదీలోనో, కెనడాలోనో ఉద్యోగం వచ్చిందనుకుందాం. పట్టా మీద ముద్ర కావాలంటారు. ఇంట్లోవాళ్లు వెంటనే చెన్నైలో తెలిసిన ఏజెంటుకి ఫోన్ చేస్తారు. నిజానికి ఆ ఏజెంటే కాదు, మన విదేశాంగ శాఖ కూడా ఆ పట్టాకి ఏమీ చేయలేదు. భారత ప్రభుత్వం అపోస్టిల్ వేసేది భారతదేశంలో పుట్టిన కాగితాలకే. డచ్ పట్టాకి ముద్ర డచ్ గడ్డమీదే పడాలి.

అక్కడి వరస మరీ కష్టమేమీ కాదు. విద్యా సేవల సంస్థ డీయూఓ ముందు పట్టా అసలుదేనని ధృవీకరిస్తుంది. తర్వాత జిల్లా కోర్టుకి వెళ్తే అపోస్టిల్ వేసి ఇస్తారు. 2022 డిసెంబరులో అంతర్జాతీయ అపోస్టిల్ ఒప్పందం అమల్లోకి వచ్చిన సౌదీ అరేబియాకీ, 2024 జనవరిలో అమల్లోకి వచ్చిన కెనడాకీ ముద్ర పని అంతటితో సరి. యూఏఈ, కువైట్, ఖతర్ ఈ ఒప్పందంలో లేవు. వాటికైతే డీయూఓ తర్వాత హేగ్‌లోని డచ్ విదేశాంగ శాఖ, ఆ పైన ఆయా దేశాల రాయబార కార్యాలయం. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లకి ఈ మెట్లన్నీ మన సర్టిఫికెట్లతో బాగా అలవాటే. కొత్తగా అర్థం కావాల్సింది ఒక్కటే: ఈ మెట్లు నెల్లూరు నుంచి ఎక్కలేరు, హేగ్ నుంచే ఎక్కాలి.

అక్కడ ఉన్నప్పుడు సైకిల్ మీద వెళ్లి పూర్తి చేసుకోగలిగిన పని, ఇక్కడికి వచ్చాక కొరియర్లూ ఆథరైజేషన్ లెటర్లూ స్నేహితుడి మొహమాటమూ కలిసి నెలల తరబడి సాగుతుంది. పైగా డచ్ విశ్వవిద్యాలయాలు పట్టా ఒక్కసారే ఇస్తాయి. పోతే దాని బదులు ఓ ధృవీకరణ లేఖ వస్తుంది తప్ప రెండో పట్టా రాదు. 1996 తర్వాత ఉన్నత విద్య పూర్తిచేసినవారి వివరాలు డీయూఓ డిప్లొమా రిజిస్టర్‌లో ఉంటాయి. అందులోంచి డిజిటల్ సంతకంతో పీడీఎఫ్ తీసుకోవచ్చు, అదీ ఉచితంగా. కానీ లోపలికి వెళ్లడానికి అక్కడి డిజిడి లాగిన్ కావాలి. మనవాళ్లు చేసే తొలి పని ఆ పీడీఎఫ్‌ని ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టడం. ప్రింటులో డిజిటల్ సంతకం ఉండదు. విలువంతా ఫైల్‌లోనే ఉంది.

అపోస్టిల్ గురించి ఇంకో అపోహ ఉంది. అది పడితే చదువుకి గుర్తింపు వచ్చినట్టేనని ఏజెంట్లు నమ్మిస్తారు. 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఆ ఒప్పందం ప్రకారం ఆ ముద్ర చెప్పేది సంతకం ఎవరిది, వారి హోదా ఏమిటి, సీలు నిజమైనదా అన్నంతవరకే. చదువు విలువ తేల్చేవాళ్లు వేరు. కెనడాలో శాశ్వత నివాసానికైతే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ నుంచి మదింపు నివేదిక కావాలి, దాని గడువు అయిదేళ్లు. ఇండియాలో పై చదువుకో ఉద్యోగానికో డచ్ పట్టా చూపించాలంటే సమానార్హత పత్రం కావాలి. దానికి యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది.

మన వైపు కాగితాలకీ ఎప్పుడూ మంచి పేరేమీ లేదు. 2005లో భారత్ ఈ ఒప్పందంలో చేరినప్పుడు అభ్యంతరం చెప్పిన దేశాల్లో నెదర్లాండ్స్ కూడా ఉంది. తర్వాత వెనక్కి తీసుకుంది. జర్మనీ ఇంకా తీసుకోలేదు. దీన్ని అవమానంగా భావించి ఊరుకోవడం కన్నా, మన కాగితాలు ఎలా ఉంటున్నాయో ఒకసారి చూసుకోవడం నయం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది. పాత జనన పత్రాల్లో కొన్నిటిలో బిడ్డ పేరే ఉండదు, తల్లిదండ్రుల పేర్లతో సరిపెడతారు. డచ్ విశ్వవిద్యాలయం పాస్‌పోర్టులోని పేరే పట్టా మీద అచ్చు వేస్తుంది. కాబట్టి ఇక్కడ సరిచేసుకోని తేడా అక్కడి పట్టా దాకా వెళ్లి, ఆ తర్వాత దుబాయ్‌లో బయటపడుతుంది. నెల్లూరులో 2008కి ముందు ఇంజినీరింగ్ చేసినవారి పట్టా హైదరాబాద్ జేఎన్‌టీయూది, తర్వాతివారిది అనంతపురానిది. ఒకే కాలేజీ అని రుజువు చేయడానికి మరో ఉత్తరం.

విద్యార్థి జాగ్రత్తపడాలి, నిజమే. కానీ జిల్లాల పేర్లు మార్చింది విద్యార్థి కాదు, ప్రభుత్వం. మార్చినప్పుడు ఫలానా మండలం ఫలానా తేదీ దాకా ఫలానా జిల్లాలో ఉండేదని ఇంగ్లిషులో ఒక పేజీ ధృవపత్రం గ్రామ సచివాలయంలోనే ఇచ్చి ఉంటే సగం తలనొప్పి తీరేది. గెజిట్ చూపించుకోండి అనడం జవాబు కాదు, ఆ గెజిట్‌కి మళ్లీ ముద్ర అడుగుతారు. మన దగ్గర ఒక్కో పత్రానికి అపోస్టిల్ ప్రభుత్వ రుసుము యాభై రూపాయలు. ఏజెంట్లు వేలల్లో గుంజుతున్నారంటే, జనానికి దారి తెలియకపోవడమే వాళ్ల పెట్టుబడి. 2019 నుంచి చెన్నై, హైదరాబాద్ సహా పలు నగరాల్లో ఈ సేవ ఉన్నా, రాష్ట్ర ప్రభుత్వ శాఖ ధృవీకరణ ముందు, విదేశాంగ శాఖ ముద్ర తర్వాత అన్న వరస కూడా చాలామందికి ఎవరూ చెప్పరు.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలో ఏ దేశానికి ఏ ముద్ర కావాలో, ఎక్కడ వేస్తారో, ఎంత రుసుమో తెలుగులో పెట్టడానికి చట్టం మార్చనక్కర్లేదు. విదేశీ పట్టాలకి ఆ దేశంలోనే వేయించుకోండన్న ఒక్క వాక్యం అందులో పైనే ఉండాలి. జూన్, జులైల్లో విమాన టికెట్లు బుక్ చేసుకునే పిల్లలకి అది మే నెలలోనే కనపడాలి.