అప్పీలు యాజమాన్యానికేనా? పిల్లలకు లేదా?



నర్సింగ్ కాలేజీ గుర్తింపు పోయిందనగానే "మంచిదే, బోగస్ కాలేజీ మూతపడింది" అంటారు చాలామంది. నేను ఆ మాట దగ్గర ఆగలేను. ఆ క్లాసుల్లో కూర్చున్నది ఎవరు? రక్తం, చీము ముట్టుకోవడం మైల అన్న సమాజంలో, మిషన్ ఆస్పత్రుల కాలం నుంచీ ఆ పనికి చేయి చాచిన మన ఇళ్ల ఆడపిల్లలు.

1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టంలో 14వ సెక్షన్ చదవండి. లోపాలు కనబడితే కౌన్సిల్ రాష్ట్ర ప్రభుత్వానికి రాస్తుంది. ప్రభుత్వం దాన్ని సంస్థకు పంపి, వివరణకు గడువిస్తుంది. తర్వాత తన సిఫారసు చెబుతుంది. అప్పుడే కౌన్సిల్ నిర్ణయం. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఎవరినీ శిక్షించకూడదు కదా, ఇది న్యాయమే. కానీ ఈ దారి పొడవునా మాట్లాడేది కాలేజీయే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లకు అందులో గొంతు లేదు.

యాజమాన్యం ఆమె తరఫున కూడా మాట్లాడుతుంది కదా అంటారా? మాట్లాడదు. దానికి కావాల్సింది సీట్లు. ఆమెకు కావాల్సింది పాఠం చెప్పే టీచరు, రోగులున్న ఆస్పత్రిలో శిక్షణ. ఈ లోపాలు దాచిన చేతికే ఆమె వకాల్తా ఇచ్చాం!

1986లో ఏపీ క్రిస్టియన్ మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసు గుర్తు చేసుకోండి. అనుమతి లేని మెడికల్ కాలేజీలో చేరిన పిల్లలు పరీక్ష రాయనివ్వమన్నారు. చట్టాన్ని మీరమని యూనివర్సిటీకి చెప్పలేమంది సుప్రీంకోర్టు. చట్టం లెక్కన సరే. పోయిన ఏళ్లు మాత్రం పిల్లలవే.

అందుకే నేను తనిఖీలు వద్దనడం లేదు. నాసిరకం చదువు కూడా మన పిల్లలకు జరిగే మోసమే. నేను అడిగేవి మూడు. తనిఖీ నివేదిక తెలుగులో కాలేజీ గోడ మీద అంటించాలి. అప్పీలు విచారణలో విద్యార్థినుల మాట వినాలి. గుర్తింపు తీసే ఉత్తర్వులోనే వాళ్లను ఏ కాలేజీకి మారుస్తారో, స్కాలర్‌షిప్, ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతేమిటో రాయాలి.

అవి వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి వాడదాం. సమాచార హక్కు కింద నివేదిక అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. 226వ అధికరణం కింద హైకోర్టు తలుపు తట్టండి. రాజ్యాంగ పరిహారాల హక్కును రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నారు బాబాసాహెబ్. ఆ హక్కు కాలేజీ ఓనరుకు ఎంత ఉందో, మన చెల్లెళ్లకూ అంతే ఉంది.