రసాయనశాస్త్ర శాఖలు - తాత్కాలికపు కొలువులు

సైనిక్‌పురికి అనతిదూరమున, తార్నాక ప్రాంతమున 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమును, 1944లో బీజారోపణమైన భారత రసాయన సాంకేతిక సంస్థయు ఇరుగుపొరుగుననే యున్నవి. రసాయనశాస్త్రము నభ్యసించిన మన యువతీయువకులకు బోధనయు, పరిశోధనయు గౌరవప్రదమైన జీవనోపాధులు. కాని విశ్వవిద్యాలయములలో పెక్కు బోధనస్థానములు ఒప్పందముమీదనే సాగుచున్నవి. అట్టి నియామకములు మొత్తము స్థానములలో 10 శాతము మించరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో విధించెను.

ఏడాది కౌలుదారుడు మామిడితోట వేయడు. తన కొలువే నిలుచునో లేదో యెరుగని గురువు, నాలుగైదేండ్లు పట్టు పరిశోధనకు శిష్యుని నెట్లు చేర్చుకొనగలడు? ప్రభుత్వము జాప్యము మాని, ఖాళీలను శాఖలవారీగా ప్రకటించి, యోగ్యతయే ప్రమాణముగా స్థిరనియామకములు గావింపవలెనని మేము కోరుచున్నాము.