మాటా మంతీ: బహుమతులూ, పంచాయితీలూ

మన క్లబ్బులో నాటిక పోటీల ఫలితాలు ప్రకటించిన మర్నాటి సాయంత్రం ఎలా ఉంటుందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. న్యాయనిర్ణేతలు ఊరు దాటకముందే క్యాంటీన్ బల్లల చుట్టూ మరో న్యాయస్థానం వెలుస్తుంది. "ఉత్తమ నటుడు అతడెలా అయ్యాడు?" అన్న ప్రశ్న రెండో కప్పు టీ నాటికి "అసలు న్యాయనిర్ణేతలను ఎంపిక చేసిందెవరు?" అన్నదాకా వెళుతుంది. ఈ జాడ్యం మనకు మాత్రమే ఉందని బెంగపడేవారికి ఈ నెల ఒక ఊరటనిచ్చే ముచ్చట.

విజ్ఞాన కల్పనా సాహిత్యాభిమానులు ఏటా ఒకచోట కలుసుకునే ప్రపంచ సభ పేరు 'వరల్డ్‌కాన్'. 1939లో న్యూయార్కులో సుమారు రెండువందల మందితో ఇది ఆరంభమైంది. ఆ తొలి సభలోనే వర్గ విభేదాలు తలెత్తి ఆరుగురు అభిమానులను గుమ్మంలోనే ఆపివేశారు. వారిలో తరువాతి కాలంలో ప్రసిద్ధ రచయిత అయిన ఫ్రెడరిక్ పోల్ ఒకరు. అదే సభకు ఫారెస్ట్ ఆకర్‌మన్, మిర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు భవిష్యత్కాలపు దుస్తులు ధరించి వచ్చి వేషధారణ సంప్రదాయానికి నాంది పలికారు. వేడుకా, వివాదమూ కవల పిల్లలుగా పుట్టాయన్నమాట.

ఈ సభల నిర్వాహకులు జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. పగలంతా చర్చాగోష్ఠులు, పొద్దువాలాక హోటల్ గదులలో విందులు. రాబోయే సభ ఏ నగరంలో జరగాలో కూడా సభ్యుల ఓట్లే తేలుస్తాయి గనుక, ఆ అవకాశం కోరే బృందాలు పోటీపడి అతిథి మర్యాదలు చేస్తాయి. ఒక మూల అభిమానులు తాము కట్టిన పాటలు తామే పాడుకుంటూ ఉంటారు. పేరుమోసిన రచయితా, ఆయన పుస్తకం నచ్చని పాఠకుడూ కాఫీ కోసం ఒకే వరుసలో నిలబడతారు.

ఈ సభ ఇచ్చే పురస్కారమే 'హ్యూగో'. 1926లో 'అమేజింగ్ స్టోరీస్' పత్రికను స్థాపించిన హ్యూగో గెర్న్స్‌బ్యాక్ పేరిట 1953లో తొలిసారి ఇచ్చారు. జ్ఞాపిక రాకెట్ ఆకారంలో ఉంటుంది. విజేతలను నిర్ణయించేది పండితుల సంఘం కాదు. రుసుము చెల్లించిన సభ్యులే. మన రాష్ట్రపతి ఎన్నికలో వలె ఓటరు ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యక్రమం గుర్తిస్తాడు. ఆ జాబితాలో 'ఎవరికీ వద్దు' అనే అంశం కూడా ఉంటుంది. మన ఎన్నికలలోని 'నోటా'కు లేని శక్తి దానికి ఉంది: అది గెలిస్తే ఆ ఏటికి ఆ బహుమతి లేనట్టే.

ఆ శక్తి 2015లో అమెరికాలోని స్పోకేన్ సభలో బయటపడింది. కొందరు ముందుగానే జాబితాలు ప్రకటించి, తమ అనుచరులచేత కట్టకట్టి నామినేషన్లు వేయించారు. విడివిడిగా తమకు నచ్చినవి సూచించిన వేలమంది అభిరుచి ఆ కట్టుబాటు ముందు నిలవలేకపోయింది. అప్పుడు తుది ఓటింగులో సభ్యులు చిన్న కథ, నవలిక సహా ఐదు విభాగాలలో 'ఎవరికీ వద్దు' అని తీర్పు చెప్పారు. జాబితాల మద్దతుతో నవల విభాగంలో తుది పోటీకి చేరిన మార్కో క్లూస్ అనే రచయిత అటువంటి గౌరవం తనకు అక్కరలేదని తప్పుకున్నాడు. ఖాళీ అయిన ఆ స్థానంలోకి చైనా రచయిత లియు త్సీషిన్ నవల, కెన్ లియు చేసిన ఆంగ్లానువాదంలో, ప్రవేశించి బహుమతి గెలిచింది. ఒక మనిషి ఆత్మాభిమానం మరొక దేశపు సాహిత్యానికి తలుపు తీసింది.

అభిమానులు అంతటితో ఊరుకోలేదు. నామినేషన్ల లెక్కింపు పద్ధతినే మార్చడానికి పూనుకున్నారు. ఏ సవరణ అయినా వరుసగా రెండు సభలలో ఆమోదం పొందాలన్నది వారి నియమం. కోపంలో చేసిన తీర్మానాన్ని శాంతంగా మరోసారి ఆలోచించుకోవడానికి ఇంతకన్న మంచి ఏర్పాటు ఏముంటుంది? కొత్త పద్ధతి 2017 నుంచి అమలులోకి వచ్చింది.

మరో నియమం ఉంది. ఓట్ల లెక్కలన్నీ సభ ముగిసిన 90 రోజులలోగా బహిరంగపరచాలి. 2023లో చైనాలోని చెంగ్డూ సభ లెక్కలు 2024 జనవరిలో వెలువడినప్పుడు, ఆర్. ఎఫ్. క్వాంగ్ నవల 'బేబెల్' తగినన్ని నామినేషన్లు పొందినా, కారణం చెప్పకుండానే అనర్హమైనదిగా పక్కన పెట్టారని తెలిసింది. పెద్ద దుమారం రేగింది. ఆ తరువాత గ్లాస్గో సభ నిర్వాహకులు నకిలీవని తేలిన 377 ఓట్లను రద్దుచేసి, ఆ సంగతిని ఫలితాలకు ముందే తామే ప్రకటించారు. చెంగ్డూ సభ పోగొట్టిన నమ్మకాన్ని తిరిగి సంపాదించే మార్గం అదొక్కటే.

పేరును బట్టి తీర్పు వస్తుందన్న శంక మన దేశంలోనూ ఒక పెద్దమనిషికి కలిగింది. ప్రఖ్యాత ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు కథల పోటీకి నారాయణ్ వినాయక్ జగ్తాప్ అనే మారుపేరుతో కథ పంపారు. తన దస్తూరి గుర్తుపడతారేమోనని భార్యచేత రాయించారు. మొదటి బహుమతి వచ్చింది. అది కథకు వచ్చిన బహుమతి. పేరుకు వచ్చినది కాదు.

చాలా ఏళ్ల క్రితం ఒక కథల పోటీకి నేనూ న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. ఫలితాల తరువాత ఒక మిత్రుడు మార్కుల కాగితం చూపమన్నాడు. "మా మీద నమ్మకం లేదా?" అని కోపగించుకున్నాను. ఆయన మారుమాట లేకుండా వెళ్లిపోయాడు. మరుసటి ఏడు పోటీకి కథ పంపలేదు. ఆ కాగితంలో దాచవలసింది ఏమీ లేదు. చూపి ఉంటే పోయేది నా అహంకారం మాత్రమే. చూపకపోవడం వల్ల ఒక కథకుడు పోయాడు.

బహుమతుల మీద వాదులాట జరగనీయండి. అది బహుమతికి విలువ ఉందనడానికి గుర్తు. ఈసారి నాటిక పోటీలు ముగిశాక మార్కుల పట్టిక నోటీసు బోర్డు మీద పెడితే చాలు. ఆపైన టీ ఖర్చు నాది.