చప్పుడు వేరు, సత్తువ వేరు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి జీతం కాస్త పెరగ్గానే మనసు కారు మీదకి పోతుంది. కొన్న ఆర్నెల్లకి దాని సైలెన్సర్ మీదకి పోతుంది. "ఇది మార్చేయ్ బాసూ, రేసు కారులా దూసుకుపోతుంది" అని చెప్పేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. నా మటుకు నాకు అది శుద్ధ దండగ. ఎందుకో చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

ఎగ్జాస్ట్ అంటే పొగని బయటికి పంపే గొట్టం మాత్రమే కాదండీ. వాల్వు తెరుచుకోగానే ఒక పీడన తరంగం వేడి వాయువులో సెకనుకి 500 మీటర్లకి పైగా వేగంతో బయల్దేరుతుంది. నాలుగు గొట్టాలూ కలిసే కలెక్టర్ దగ్గరికి చేరగానే అది తిరగబడి, ఈసారి పీల్చే తరంగంగా వెనక్కొస్తుంది. సరిగ్గా ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు తెరిచి ఉండే సమయానికి వచ్చిందా, సిలిండర్లో మిగిలిన పొగని లాగేసి కొత్త గాలికి చోటిస్తుంది. దీన్నే స్కావెంజింగ్ అంటారు. సత్తువ పెరిగేది ఇక్కడ, చప్పుడులో కాదు.

చిక్కల్లా టైమింగుతోనే. 6000 ఆర్పీఎం దగ్గర ఇంజను ఒక చుట్టు తిరగడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది, 3000 దగ్గర 20. తరంగం వేగం మాత్రం అంతగా మారదు. కాబట్టి ఒక వేగం దగ్గర కలిసొచ్చిన గొట్టం పొడవు ఇంకో వేగం దగ్గర ఎదురు తిరుగుతుంది. సాధారణంగా నాలుగూ ఒకేసారి కలిసే 4-1 హెడర్లు పై ఆర్పీఎంలో బావుంటాయి, రెండేసి చొప్పున కలిసే 4-2-1 హెడర్లు మధ్యలో బావుంటాయి. మరి హైటెక్ సిటీ ట్రాఫిక్కులో 2000 దాటడమే గగనమైన కారుకి 6000 దగ్గర వచ్చే లాభం ఏం చేసుకుంటాం?

ఇంకోటి, "బ్యాక్ ప్రెషర్ లేకపోతే టార్క్ పోతుంది" అనే మాట. టార్క్ పోయే మాట నిజమే, కారణం మాత్రం అది కాదు. గొట్టం మరీ వెడల్పైతే వాయువు నెమ్మదిస్తుంది, తరంగం బలహీనపడుతుంది. ఇంజనుకి కావాల్సింది ఆ వేగం, అడ్డంకి కాదు. టర్బో కార్లలోనైతే అసలు అడ్డంకి టర్బైనే. దాని తర్వాత దారి ఎంత ఫ్రీగా ఉంటే అంత మంచిది.

ఇవన్నీ వదిలేసి చివర్లో ఉన్న మఫ్లర్ ఒక్కటే మార్చడం ఎలా ఉంటుందంటే, ప్రోగ్రాం నెమ్మదిగా ఉందని ప్రొఫైలర్ రన్ చెయ్యకుండా లాగ్ మెసేజీలు తిరగరాసినట్టుంటుంది. మామూలు చిన్న ఇంజన్లో దానివల్ల వచ్చే సత్తువ బహు స్వల్పం. చెవికి మాత్రం బండి స్పీడయినట్టే ఉంటుంది.

దీనికన్నా ఘోరం కెటలిటిక్ కన్వర్టర్ పీకించడం. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన ఆ జల్లెడ కార్బన్ మోనాక్సైడునీ, కాలని పెట్రోలునీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ అడ్డుకుంటుంది. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి దాన్ని తప్పనిసరి చేశారు. పీకేస్తే వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ పసిగట్టి చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది. అప్పుడేం చేస్తారంటే, ఈసీయూలో ఆ చెక్ నే ఆపించేస్తారు. ఫెయిలయ్యే టెస్టుని కామెంట్ చేసి బిల్డ్ పాసయిందని మెయిల్ కొట్టే పనిని రివ్యూలో మనం ఒప్పుకుంటామా? ఇక్కడ ఆ బగ్గుని పీల్చేది మన వెనక బండి మీద, అమ్మకీ నాన్నకీ మధ్య కూర్చున్న చంటిపిల్ల.

చప్పుడు సంగతీ అంతే. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పొద్దున్నే పడుకునే వాళ్ళు మన అపార్టుమెంట్లలోనే బోలెడుమంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మొదటిసారికే పది వేల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ జరిమానాకి భయపడి మానేస్తే అది మర్యాద అనిపించుకోదు.

ట్యూనింగే వద్దని కాదు నేననేది. మోజుంటే పద్ధతిగా చేయించండి. ముందు డైనో మీద పెట్టి కొలవండి, ఒకసారికి ఒక్కటే మార్చండి, మళ్ళీ అదే డైనో మీద కొలవండి. కెటలిటిక్ కన్వర్టర్ జోలికి వెళ్ళకండి. ట్రాక్ డే కోసం చేయించింది ట్రాక్ మీదే వాడండి. రెండు గ్రాఫులు చూపించలేని మెకానిక్ మీకు అమ్మేది చప్పుడే.

ఏమంటారు?