దూకే ముందు లోతు చూడండి



సెలవులు వస్తే మన పిల్లలకు కాలువగట్టే లోకం. తాడేపల్లిగూడెం నుండి ఏలూరు వరకు కాలువ వంతెనల మీద, కొల్లేటి చేపల చెరువు గట్ల మీద తలకిందులుగా దూకడం వారికొక పందెం. ఈత వచ్చుగదా అని మనమూ ఊరుకుంటాము. అయితే ఈ ప్రమాదం ఎక్కువగా ఈత వచ్చినవారికే.

మన బురద నీటిలో అడుగు కనబడదు. కాలువ కట్టేస్తే నీరు తగ్గుతుంది, పూడిక మేట వేస్తుంది. నిన్న నిలువు లోతున్న చోట నేడు నడుము లోతే ఉండవచ్చు. తల నేలను తాకితే మెడ ఎముక విరిగి వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు చేతులు ఇక కదలవు.

అమెరికాలో జోనీ ఎరిక్సన్ టాడా 1967లో, 17 ఏళ్ల వయసులో, లోతులేని నీటిలో ఇలాగే దూకి భుజాల క్రింద చచ్చుబడింది. నోటితో కుంచె పట్టి బొమ్మలు వేసి, వికలాంగులకు సేవచేసి దేవుని మహిమపరచిన ఆమెను ఎరుగనివారు అరుదు. అయినా ఆ శ్రమ మన బిడ్డకు రావాలని ఎవరు కోరుకుంటారు?

మేము చెప్పేది ఇంతే. ముందు కాళ్లతో మెల్లగా దిగి లోతు చూడాలి. ఇంటి ఈతకొలనులోనైనా 9 అడుగులు లేనిచోట తలకిందులుగా దూకరాదు. దెబ్బతగిలిన వానిని లాగి కూర్చోబెట్టవద్దు. ముఖం నీటిపైకి ఉంచి, మెడ కదలకుండా బల్లపై చేర్చి, 108కి ఫోను చేయండి.

ఈ మాట ఈరోజే భోజనాల దగ్గర పిల్లలకు చెప్పండి.