‘మేడ్ ఇన్ ఇండియా’ సరే... ఏ ఊళ్ళో? ఎవరి చేతుల్లో?



ప్రభుత్వ ఆఫీసులు సరుకులు కొనే ‘జెమ్’ పోర్టల్‌ని మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడ అమ్మకానికి పెట్టే ప్రతి వస్తువు పక్కన అది ఏ దేశంలో తయారైందో రాయాలి. 2020 జూన్‌లో, గల్వాన్ ఘర్షణ జరిగిన రోజుల్లోనే, దీన్ని తప్పనిసరి చేశారు. రూల్ మంచిదే. జనం డబ్బుతో కొనే సరుకు ఎక్కడిదో జనానికి తెలియాలి. నా పేచీ ఒక్కటే. ఆ గడిలో ‘ఇండియా’ అని పడగానే ప్రశ్నలన్నీ ఆగిపోతున్నాయి.

లెక్క ఎలా వేస్తారో చూడండి. 2017లో వచ్చి, 2020 సెప్టెంబర్‌లో మారిన కేంద్ర ఉత్తర్వు ప్రకారం, వస్తువు విలువలోంచి దిగుమతి భాగం తీసేస్తే మిగిలేది ‘లోకల్ కంటెంట్’. అది 50 శాతం, ఆపైన ఉంటే క్లాస్-1 సప్లయర్. టెండర్లలో వాళ్ళకే ముందు అవకాశం. పది కోట్ల లోపు కొనుగోళ్ళకి కంపెనీ తనకి తానే సర్టిఫికెట్ రాసిచ్చుకుంటే చాలు. అది దాటితే ఆడిటరో, కాస్ట్ అకౌంటెంటో సంతకం పెట్టాలి. అబద్ధం చెబితే రెండేళ్ళ దాకా నిషేధం. విదేశీ సరుకు అమ్ముతూ రవాణా, ఇన్సూరెన్స్, ఫిట్టింగ్, ట్రైనింగ్ ఖర్చుల్ని ‘లోకల్’ కింద చూపించకూడదని 2021 మార్చిలో కేంద్రం విడిగా వివరణ ఇచ్చింది. అలా ఎందుకు చెప్పాల్సి వచ్చిందో మీరే ఊహించుకోండి.

మరి ఈ లెక్కలో మనం ఎక్కడున్నాం? బస్తర్‌లో బైలదిల్లా కొండల్ని తవ్విన ఖనిజంతో ఇక్కడ చేసిన స్టీలు ‘లోకల్’ లెక్కలోకే వస్తుంది. ఆ కొండ కింద ఊళ్ళకి ఏం మిగిలిందో ఆ శాతంలో కనపడదు. మన కృష్ణా డెల్టాలో ఎరుకల ఆడవాళ్ళు అల్లే బుట్టలు, తట్టలు, చేటలు నూటికి నూరు శాతం లోకలే. కానీ మీ హాస్టల్లో, మీ పంచాయతీ ఆఫీసులో ఒకసారి వెతకండి. ఎక్కువగా కనపడేది ప్లాస్టిక్కే.

ఇదే బెజవాడలో 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఏఐసీసీ సమావేశం జరిగింది. పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చిన సంగతి స్కూల్లో చదువుకున్నాం. దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని కూడా ఆ సమావేశమే పిలుపిచ్చింది. ఆ రోజు స్వదేశీ అంటే పనిచేసే చేతుల లెక్క. ఇవాళ అది శాతాల లెక్క అయింది. చివరికి చేత్తో వడికి, చేత్తో నేసిన జెండాకి కూడా 2021 డిసెంబర్ 30న నియమం మార్చేసి, మిషన్ మీద చేసిన పాలిస్టర్‌కి అనుమతిచ్చారు.

అయితే ఆ ఉత్తర్వులోనే మనకి పనికొచ్చే మాట ఒకటుంది. కంపెనీ శాతం చెబితే చాలదు, ఆ విలువ ఏ ఏ చోట్ల జోడించారో కూడా చెప్పాలి. అంటే ఊరి పేరు అడగడానికి ఆధారం వాళ్ళ రాతలోనే ఉంది. కేంద్రం డబ్బు కలిసిన పథకాల్లో రాష్ట్రం కొన్నా ఇది వర్తిస్తుంది. ఐదు లక్షల లోపు కొనుగోళ్ళకి మాత్రం మినహాయింపు ఉంది.

“ఇంకో కాగితం పెడితే ముందు దెబ్బతినేది చిన్నవాళ్ళే కదా అన్నా” అని మీలో కొందరు అడుగుతారు. నిజమే. ఆధార్ కార్డు కూడా లేని యానాది కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వాళ్ళని పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వండి, సర్టిఫికెట్ తెండి అంటే తలుపు మూసినట్టే. అందుకే బరువు పెద్దవాళ్ళ మీద పెట్టమంటున్నాం. చేతివృత్తి సంఘాలకి సచివాలయమే ఉచితంగా ‘ఫలానా ఊళ్ళో ఫలానా సంఘం చేసింది’ అని రాసివ్వాలి. కోట్ల టెండర్లు వేసేవాళ్ళ డిక్లరేషన్లు అందరూ చూసేలా బయట పెట్టాలి. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి, అందులో భాగంగా 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్ల నుంచి కొనాలి. ఆ నాలుగులో ఎస్టీల వాటా ఎంతో విడిగా చూపించాలి.

ఇక మన పని. హాస్టల్ దుప్పట్లు, ట్రంకు పెట్టెలు, బూట్లు, ట్యాబ్‌లు కొన్న ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల ఆఫీసులో ఐదు రూపాయలు, జిల్లా ఆఫీసులో పది. తెల్ల కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. మూడే మూడు అడగండి:

1. సప్లయర్ ఇచ్చిన లోకల్ కంటెంట్ సర్టిఫికెట్ కాపీ.
2. ఆ సరుకు తయారైన చోట్ల పేర్లు.
3. ఎస్టీ సంఘాల నుంచి, ఎస్టీ యూనిట్ల నుంచి ఎన్ని రూపాయల సరుకు కొన్నారు?

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా ‘వ్యాపార రహస్యం’ అని తప్పించుకుంటే అప్పీల్‌కి వెళ్ళండి. బూటు ఏ ఊళ్ళో కుట్టారో చెప్పడం రహస్యం ఎలా అవుతుందో వాళ్ళనే నిరూపించమనండి.

వచ్చిన జవాబులు ఈ పేజీకి పంపండి. ఒక జిల్లా హాస్టళ్ళవన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. మన పేరు మీద ఖర్చయిన డబ్బు ఏ ఊళ్ళకి చేరిందో అప్పుడు తెలుస్తుంది.

జోహార్!