'అపరిమితం' అనే మాటకు గల పరిమితులు

కొత్త ఫోను కొనే గృహస్థు దాని వెలను ఒక్కసారి చెల్లిస్తాడు. ఆ ఫోనును నడిపించే పథకానికి మాత్రం ఏడాదికి పదమూడుసార్లు చెల్లిస్తాడు. అయినా దుకాణంలో గంటసేపు కెమెరాను, తెరను, రంగును పరీక్షించేవారిలో రీఛార్జి షరతులను ఐదు నిమిషాలు చదివేవారు అరుదు. 'అన్‌లిమిటెడ్' అన్న ఒక్క మాట వారి సందేహాలన్నింటినీ తీర్చివేస్తుంది. కంపెనీలు ఆ మాటకు ఇచ్చుకున్న అర్థం ఏమిటో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

మన దేశంలో ఈ మాటకు విశేష ప్రచారం లభించింది 2016 తరువాతనే. ఆ సంవత్సరం సెప్టెంబరు 5న రిలయన్స్ జియో తన సేవలను ప్రారంభించి, 2017 మార్చి నెలాఖరు వరకు ఉచితంగా అందించింది. నెలకు ఒక జీబీని పొదుపుగా వాడుకునే అలవాటు ఉన్నవారికి రోజుకొక జీబీ అలవాటయింది. మిగిలిన కంపెనీలకూ అదే బాట పట్టక తప్పలేదు. అయితే ఈ పథకాలలో నిజంగా అపరిమితమైనవి ఫోను సంభాషణలే. డేటాకు రోజుకు ఒకటిన్నర జీబీ అనో, రెండు జీబీలనో వాటా ఉంటుంది. ఆ వాటా ముగిసిన తరువాత వేగం సాధారణంగా సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఆ వేగంతో ఒక మెగాబైటు రావడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. మూడు మెగాబైట్ల ఫొటోకు ఆరు నిమిషాలు చాలవు. సేవ ఆగిపోలేదు కనుక కంపెనీ మాట తప్పినట్లు కాదు. ఫోనులో పాఠం వింటున్న విద్యార్థికి మాత్రం ఆ రోజు పాఠం అంతటితో సరి.

2022 అక్టోబరు 1న దేశంలో 5జీ సేవలు ప్రారంభమైన తరువాత ఈ మాటకు మరొక అర్థం చేరింది. 5జీ మీద వాడే డేటాకు రోజువారీ వాటా వర్తించకపోవడమే అది. కాని ఇందుకు మూడు షరతులు ఏకకాలంలో నెరవేరాలి. మొదటిది, తగిన పథకం. 2024 జూలైలో ధరలు పెరిగినప్పుడు, జియో అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ గాని, అంతకు మించి గాని ఇచ్చే పథకాలకే పరిమితం చేసింది. రెండవది, ఇంటి దగ్గర 5జీ టవరు. గదిలోకి వెళ్ళగానే ఫోను 4జీకి దిగజారితే, ఆ క్షణం నుండి ఖర్చయ్యేది రోజువారీ వాటాయే. మూడవది, ఆ కంపెనీ తరంగాలను అందుకోగల ఫోను. ఉదాహరణకు జియో 5జీ కోసం ఎన్28, ఎన్78 అనే బ్యాండ్లను వాడుతుంది. విదేశాల నుండి బంధువులు తెచ్చే ఫోనులలో ఇవి ఉన్నదీ లేనిదీ వివరపత్రంలో చూసుకోవాలి. ఈ మూడింటిలో ఏది కొరవడినా, చెల్లించిన అదనపు రుసుము వృథా.

ఆ రుసుము ఎంత? 2024 జూలై నాటి జియో ధరలనే తీసుకుందాం. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల పథకం రూ. 299, రెండు జీబీలతో పాటు అపరిమిత 5జీ ఇచ్చేది రూ. 349. తేడా యాభై రూపాయలే. కాని 28 రోజులంటే నెల కాదు. ఏడాదికి పదమూడు రీఛార్జిలు. ఒక ఫోనుకు రూ. 650, నాలుగు ఫోనులున్న ఇంటికి రూ. 2,600 అదనం. ఊరికి 5జీ రాని కుటుంబం ఈ సొమ్మును ఊరికే ఇచ్చినట్లే. నగరంలో ఉండి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేక, చదువుకీ ఉద్యోగానికీ ఫోను మీదనే ఆధారపడిన కుటుంబానికి అదే సొమ్ము ఎంతో లాభసాటి.

కనుక పోలిక ఆరంభించవలసింది సొంత వాడకం నుండి. గడచిన నెలలో ఎన్ని జీబీలు ఖర్చయినదీ ఫోను సెట్టింగులలోనే కనిపిస్తుంది. వైఫై ఉన్న ఇంట్లో ఆ అంకె చూసి ఆశ్చర్యపోయేవారు ఎందరో. తరువాత ప్రతి పథకం ధరను రోజుల సంఖ్యతో భాగించి చూడాలి. 28 రోజులకు బదులు 30 రోజుల గడువు గల పథకాన్ని, ప్రతి నెలా ఒకే తేదీన రీఛార్జి చేసుకోదగిన పథకాన్ని కూడా కంపెనీలు అందుబాటులో ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. డేటాతో పని లేని పెద్దవారి కోసం సంభాషణలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పరిమితమైన పథకాలు ఉండాలని 2024 డిసెంబరులో నిర్దేశించింది. ప్రకటనలలో ఇవి అంతగా కనిపించవు, అడిగి తెలుసుకోవాలి. సినిమాల చందా వంటి కానుకలకు, విడిగానైతే కొనేవారమా అని ప్రశ్నించుకున్న తరువాతే విలువ కట్టాలి.

ధర ఎంత చవకైనా, సిగ్నల్ అందని చోట అది దండుగే. వొడాఫోన్ ఐడియా 5జీని 2025 మార్చిలో ముంబైలో ప్రారంభించింది. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ వ్యవస్థను 2025 సెప్టెంబరు 27న ప్రధానమంత్రి ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు. ఏ కంపెనీ సేవ ఏ వీధి వరకు వచ్చిందో దేశవ్యాప్త ప్రకటన చెప్పదు. ఆ కంపెనీ సిమ్ ఉన్న పొరుగువారి ఫోను చెబుతుంది. వారిని పిలిచి, ఇంట్లో పిల్లలు చదువుకునే గదిలో, రాత్రి రద్దీ వేళ పరీక్షించడం ఉత్తమం.

పాత నంబరు పోతుందన్న భయంతో అసౌకర్యాన్ని భరించవలసిన పని లేదు. నంబరు మార్చకుండా కంపెనీని మార్చుకునే సదుపాయం 2011 జనవరి 20 నుండి దేశమంతటా ఉన్నది. 'పోర్ట్' అన్న ఆంగ్ల పదాన్ని, ఖాళీ వదిలి నంబరును టైపుచేసి 1900కు పంపితే సంకేతసంఖ్య వస్తుంది. అయితే ఒకసారి మారినవారు తొంభై రోజులు అక్కడే ఉండాలి. కొత్త ఫోనులో రెండవ సిమ్‌కు చోటుంటే, కొత్త కంపెనీ సిమ్‌ను ముందుగా అందులో వేసి ఒక విడత వాడి చూడవచ్చు. సంతృప్తి కలిగితే అప్పుడు పాత నంబరును మార్చుకోవచ్చు. ఏడాది పథకానికి ఒకేసారి సొమ్ము కట్టడం ఆ తరువాతి మాట.